షోలాపూర్‌లో 1930ని నడిచి చూడాలంటే

పెళ్లికో, మార్కండేయ గుడికో మహారాష్ట్రలోని షోలాపూర్ వచ్చిన మనవాళ్లలో చాలామంది చార్ పుతళా దగ్గర, 1930 తిరుగుబాటు కేసులో ఉరికెక్కిన నలుగురి విగ్రహాల ముందు ఫొటో దిగి వెళ్లిపోతారు. అక్కడ మొదలుపెడితే కథ తలకిందులవుతుంది. విగ్రహాలు చివర్న చూడాలి. గాంధీ అరెస్టుకు రగిలిన జనం 1930 మే 8న కదిలిన క్రమంలోనే రూపాభవానీ గుడి, మంగళవార్ పేట చూసి, ఆ తర్వాత కోట, ఆఖరికి చార్ పుతళాకు నడవండి. దాదాపు మూడు కిలోమీటర్లు. ఆగుతూ, మాట్లాడుకుంటూ వెళ్తే రెండున్నర గంటలు పడుతుంది.

స్టేషన్ నుంచి ఆటోలో నేరుగా రూపాభవానీకి వెళ్లి, ఉదయం ఆరున్నరకల్లా నడక మొదలుపెట్టండి. మే నెలలో ఇక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. అంతకంటే పెద్ద చిక్కు మంగళవార్ పేట. అది వ్యాపార పేట కాబట్టి దుకాణాలు తెరిచాక బళ్లు, మూటలతో నిండిపోయి నిలబడటానికి చోటుండదు. గుంపు పదిమందికి మించితే రెండుగా విడగొట్టండి. లేకపోతే వెనక ఉన్నవాళ్లకు ఒక్క ముక్క వినబడదు. తలా ఒక లీటరు నీళ్లు చాలు.

రూపాభవానీ దగ్గర ముందు చెప్పాల్సింది ఈత చెట్ల సంగతి. మే 5న గాంధీని అరెస్టు చేసిన వార్త రాగానే మిల్లులు ఆగిపోయాయి, ఊరు భగ్గుమంది. 8న జనం ఇటువైపు వచ్చి కల్లు గీసే ఈత చెట్లు నరికారు. కల్లు మీద వచ్చే అబ్కారీ ఆదాయం సర్కారుది కాబట్టి ఆ గొడ్డలి దెబ్బ ఖజానా మీద పడినట్టే. ఇది చెప్పకపోతే వినేవాళ్లకు అది ఉత్త అల్లరిలాగే తోస్తుంది. పోలీసులు కొందరిని పట్టుకున్నారు, జనం అడ్డుపడ్డారు, కాల్పులు జరిగాయి. శంకర్ శివదారే అనే యువకుడు చనిపోయాడు.

ఆ కోపమే మంగళవార్ పేటకు పాకింది. జనం అక్కడి పోలీసు చౌకీకి నిప్పుపెట్టారు, పోలీసులు చనిపోయారు. ఆ మాట దాచకుండా చెప్పండి, ఎందుకంటే తర్వాత నలుగురి మెడకు ఉరి బిగిసింది ఆ కేసులోనే. కోర్టునూ తగలబెట్టారు. ఇక్కడ పాత కట్టడాల కోసం తిరగకుండా సందుల ఇరుకు చూడండి. గుంపును అదుపు చేయడం ఎంత కష్టమో కంటికే తెలుస్తుంది. 9 నుంచి 11 వరకు ఊళ్లో పోలీసులే లేరు, కాంగ్రెస్ వాలంటీర్లే వీధులు చూసుకున్నారు. 12న మార్షల్ లా, అంటే సైనిక పాలన, పెట్టి జూన్ 30 దాకా కొనసాగించారు.

కోట దగ్గర పావుగంట కూర్చోండి. పిల్లలూ పెద్దవాళ్లూ ఉంటే సిద్ధేశ్వర చెరువు గట్టు ఇంకా మేలు.

చార్ పుతళా దగ్గర మొదట నాలుగు పేర్లూ పైకి చదవండి: మల్లప్ప ధన్‌శెట్టి, శ్రీకిసన్ సారడా, జగన్నాథ్ శిందే, కుర్బాన్ హుస్సేన్. కుర్బాన్ హుస్సేన్ పత్రిక నడిపాడు, మిల్లు కార్మికుల్లో పనిచేశాడు. నలుగురినీ 1931 జనవరి 12న ఉరితీశారు. ఎక్కువమంది తప్పు చెప్పేది ఇక్కడే: ఉరి పడింది ఈ ఊళ్లో కాదు, పుణెలోని యెరవాడ జైల్లో. ముంబై హుతాత్మా చౌక్‌తోనూ కలపకండి, అది సంయుక్త మహారాష్ట్ర ఉద్యమంలో పోయినవాళ్లది.

జనవరి 12కే రావాలనుకుంటే ఒక జాగ్రత్త. సంక్రాంతి చుట్టూ జరిగే సిద్ధేశ్వర గడ్డా యాత్ర ఆ రోజుల్లోనే వస్తుంది. నందిధ్వజాలనే ఎత్తైన అలంకరించిన కొయ్యల ఊరేగింపుతో గుడి చుట్టుపక్కల ఆటో కదలదు. ఆ రోజు చార్ పుతళా ఒక్కటే చూసుకుని, మిగతా నడక మరోరోజుకు పెట్టుకోండి.

తిరుగుదారిలో, తెలుగువాళ్లుండే సాఖర్ పేట వైపు తెలుగులోనే మాట కలపండి. "మార్షల్ లా నాటి సంగతులు మీ ఇంట్లో ఎవరన్నా చెప్పేవాళ్లా తాతా?" అని అడగండి. ఇప్పుడు దొరికేది మూడో తరం జ్ఞాపకం. చెప్పింది చెప్పినట్టే, ఏ సందులో ఏ తేదీన విన్నారో పక్కనే రాసుకోండి. దాన్ని పుస్తకాల తేదీలతో సరిచేయబోకండి, రెండూ పక్కపక్కనే ఉంచండి.