కుబుసం సరిగ్గా ఊడాలంటే

డాలస్‌లో మా అబ్బాయి పెంచే బాల్ పైథాన్‌కి (చిన్న జాతి కొండచిలువ) చలికాలంలో కుబుసం ముక్కలుగా ఊడేది, కళ్ల మీది పొరా అతుక్కుపోయేది. కారణం తేమ చాలకపోవడమే. గాలిని పొడిబార్చే హీటర్‌కి తోడు, పాము పెట్టెలో కింద పరిచిన ఆస్పెన్ అనే చెట్టు చెక్కపొట్టు తేమను నిలపదు, తడిపితే బూజు పడుతుంది. ఇళ్లలో పెంచే మరో పాము కార్న్ స్నేక్‌కైతే ఆ పొట్టే హాయి, సొరంగాలు తవ్వుకుంటుంది. సీడార్ (దేవదారు) పొట్టు మాత్రం ఏ పాముకూ వద్దు, దాని నూనెలు విషం.

ఆస్పెన్ తీసేసి కొబ్బరి పీచు ముక్కలు మూడంగుళాల మందాన పరిచాను. (కొబ్బరి పీచుకి డాలర్లు పోయడం కోనసీమలో పుట్టిన మా ఆవిడకి మింగుడుపడలేదు.) నీళ్లు పైన చల్లను, మూలల్లో పోస్తాను. అడుగున చెమ్మ, పైన పొడి. పైన తడిగా ఉంటే పొట్ట కింది పొలుసులు కుళ్లుతాయి. ఇప్పుడు తేమ 60 శాతం పైనే ఉంటోంది, కుబుసం కళ్ల పొరలతో సహా ఒకే తొడుగులా వస్తోంది.