చైనాకు డూరియన్ పంపాలంటే తోటలోనే తేల్చుకోవాల్సినవి

చైనాలో డూరియన్ అనే ముళ్ల తొక్క పండుకు గిరాకీ పెరగడంతో థాయిలాండ్‌లో రబ్బరు, వియత్నాంలో కాఫీ తీసేసి ఆ చెట్లు వేసిన రైతులు చాలామంది. ధర ఎంత ఊరించినా సరుకు దాటాల్సింది చైనా కస్టమ్స్‌ను. అక్కడ ఆగిందంటే కాయ లారీలోనే పండి పగులుతుంది.

ముందు కోడ్ సంగతి. తోటకూ ప్యాకింగ్ కేంద్రానికీ వేర్వేరు నమోదు కోడ్‌లు చైనా కస్టమ్స్ జాబితాలో ఉండాలి, పెట్టె మీద అచ్చవ్వాలి. పక్క తోట కాయల్ని మీ కోడ్ మీద పోనివ్వకండి. వాటిలో పిండినల్లి పురుగు దొరికినా వేటు పడేది మీ కోడ్ మీదే.

ఎక్కువ మంది దెబ్బతినేది కోత దగ్గర. సీజన్ మొదట్లో రేటు బాగుంటుంది కాబట్టి పచ్చికాయ కోసేస్తారు. అది సరిగా పండదు, కొన్నవాడు మళ్లీ రాడు. మోన్‌థాంగ్ రకానికి పూత విచ్చాక సుమారు 120 రోజులు పడుతుంది. రోజుల లెక్కతో ఊరుకోక నమూనా కాయ కోసి, గుజ్జు సన్నగా తరిగి 10 గ్రాములు తూచండి. మైక్రోవేవ్‌లో తక్కువ వేడి మీద, బరువు ఇక తగ్గనంత వరకు ఆరబెట్టండి. 3.2 గ్రాములు మిగిలితే గుజ్జులో ఎండు పదార్థం 32 శాతం, థాయ్ ప్రమాణం ప్రకారం మోన్‌థాంగ్‌కు కనీసం అంత ఉండాలి. గుజ్జు మాడితే లెక్క తప్పుతుంది, మళ్లీ చేయాల్సిందే.

2025 జనవరిలో చైనా రెండు పరీక్షలు అడగడం మొదలుపెట్టింది: కాడ్మియం అనే విషపు లోహం, బేసిక్ యెల్లో 2. రెండోది తొక్క పసుపుపచ్చగా మెరవడానికి వాడే పారిశ్రామిక రంగు, ప్యాకింగ్ కేంద్రంలో దాన్ని అడుగుపెట్టనివ్వకపోతే చాలు. కాడ్మియం మొండిది. తాజా పండ్లలో చైనా పరిమితి కిలోకు 0.05 మిల్లీగ్రాములు. అది నేల నుంచి వేర్ల ద్వారా ఎక్కుతుంది, ఎంత కడిగినా పోదు. ఫాస్ఫేట్ ఎరువులతో నేలకు చేరుతుంది, ఆమ్ల నేలలో చెట్టు ఇంకా ఎక్కువ లాగుతుంది. మట్టి పరీక్షలో పీహెచ్ 5.5 కన్నా తక్కువుంటే సున్నం వేయండి. ఎరువు కొనేటప్పుడు కాడ్మియం నివేదిక అడగండి. కోతకు ముందే గుజ్జు పరీక్ష చేయిస్తే నష్టం తోటలోనే ఆగుతుంది.

ప్యాకింగ్‌లో ముళ్ల సందుల్లోని పిండినల్లిని గాలి పైపుతో ఊది, బ్రష్‌తో తీయాలి. కంటైనర్ 13–15 డిగ్రీల మధ్య ఉంచండి. అంతకన్నా చల్లబడితే తొక్క నల్లబడుతుంది.

కొత్తగా వేసేవాళ్లకు ఒక మాట. చెట్టు కాపుకు రావడానికి నాలుగైదేళ్లు పడుతుంది, ఎక్కువగా కొనే దేశమేమో ఒక్కటే, అది తలుపు మూస్తే సరుకు మిగిలిపోతుంది. 2020లో ఆస్ట్రేలియా బార్లీపై చైనా 80.5 శాతం సుంకం వేసి, 2023 ఆగస్టు దాకా తీయలేదు. పాత తోట మొత్తం కొట్టేయకండి.