డిలీట్ టూల్‌కి వివరణ రాసేటప్పుడు

ఏఐ ఏజెంట్ (మన తరఫున టూల్స్ వాడి పనులు చేసే ఏఐ) చేతికి డిలీట్ టూల్ ఇస్తుంటే, అది చదివే టూల్ వివరణలో "రికార్డును తొలగిస్తుంది" అని ఒక్క ముక్క రాసి వదిలేయకండి. గుంటూరులో ఒక మిర్చి వ్యాపారి స్టాక్ లెక్కలకి నేను అలాగే రాశాను. ఆయన "పాత తేజ లాట్లు తీసెయ్" అనగానే, కోల్డ్ స్టోరేజీలో ఇంకా సరుకున్న లాట్లు కూడా ఎగిరిపోయాయి. బ్యాకప్ ఉంది కాబట్టి సరిపోయింది గానీ, ఆ పూటంతా ఒకటే టెన్షన్.

ఇప్పుడు ఇలా రాస్తున్నాను: "ఇచ్చిన నంబరున్న ఒక్క లాట్‌నే శాశ్వతంగా తీసేస్తుంది, తిరిగి రాదు. నంబరు ఊహించొద్దు. ముందు వెతికి, జాబితా చూపించి, మనిషి సరే అన్నాకే వాడు. కనబడకుండా ఉంటే చాలంటే ఆర్కైవ్ టూల్ వాడు." ఆ చివరి వాక్యమే ఎక్కువ పనిచేసింది.

ఎమ్‌సీపీ (ఏఐకి టూల్స్ కలిపే ఓపెన్ ప్రమాణం) ద్వారా ఇస్తుంటే, ఈ టూల్ డేటాను చెరిపేయగలదని చెప్పే డిస్ట్రక్టివ్‌హింట్ అనే గుర్తు కూడా పెట్టండి. అది సూచన మాత్రమే కాబట్టి అనుమతి తనిఖీ సర్వర్ కోడ్‌లోనే ఉండాలి.