ప్రచారం అయ్యాక గాబులోకి టార్చి వేసి చూడండి

మా కోనసీమలో డెంగ్యూ మీద ప్రచారం అంటే చాలా ఊళ్ళల్లో ఒకేలా అయిపోతుంది. ర్యాలీ ఫోటో, ఫ్లెక్సీ ముందు ఫోటో, పాంప్లెట్లు ఇన్ని పంచాం, ఆటో మైకు ఇన్ని రోజులు తిరిగింది అని రిపోర్టు, దాంతో ఫైలు మూసేస్తారు. మేము కుర్రాళ్ళం అంతా కలిసి మొదటిసారి చేసినప్పుడు కూడా అదే రాసిచ్చేం, తర్వాత ఒకాయన "ఇంతకీ ఊళ్ళో దోమ తగ్గిందా" అని అడిగితే మా దగ్గర చెప్పడానికి ఒక్క అంకె లేదు. ఆ రోజు చాలా బాధేసింది, ఎందుకంటే ఎండలో వానలో తిరిగింది నిజం, పని జరిగిందో లేదో తెలియనిదీ నిజం. అప్పట్నుంచి నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను, మీ ఊరికి, మీ విషయానికి తగ్గట్టు మార్చుకోండి.

ముందుగా, ప్రచారం మొదలెట్టకముందే ఒక్క వాక్యం రాసి గోడకి అంటించుకోండి: ఎవరు, ఏ పని, ఎప్పటికి, ఎంతమంది. "ప్రజల్లో అవగాహన పెంచడం" అని రాస్తే దాన్ని కొలవలేరండి. "సెప్టెంబరు ఆఖరికి మా ఊళ్ళో ప్రతి రెండిళ్ళల్లో ఒక ఇల్లు వారానికోసారి నీళ్ళ గాబు తోమి ఆరబెట్టాలి" అని రాస్తే కొలవగలరు. డబ్బు విషయం కూడా అప్పుడే తేల్చుకోవాలి, ఉన్నదాంట్లో పదో వంతు కొలతకి పక్కన పెట్టండి, లేకపోతే ఆఖర్న పెట్రోలుకి కూడా మిగలదు.

తర్వాత మెట్లు వేసుకోండి. మన మాట ఇంటిదాకా చేరిందా, చేరితే విన్నారా, విన్నది సరిగ్గా అర్థమైందా, అర్థమైంది చేశారా, చేసినందువల్ల నీళ్ళల్లో తేడా వచ్చిందా. పాంప్లెట్ల లెక్క మొదటి మెట్టు మాత్రమే. ఏ మెట్టు దగ్గర ఆగిపోయిందో తెలిస్తేనే ఏం మార్చాలో తెలుస్తుంది, అందుకే అయిదింటికీ తలో ప్రశ్నయినా ఉండాలి.

ఇప్పుడు అసలైన పని, బేస్‌లైన్. అంటే మైకు ఊళ్ళోకి రాకముందు పరిస్థితి ఏంటన్నది. దీన్ని ఎగ్గొడితే తర్వాత ఎంత కష్టపడినా లాభం ఉండదు, అప్పుడెంత ఉందో తెలియకుండా ఇప్పుడెంత తగ్గిందో ఎలా చెప్తాం. ఇళ్ళు ఎంచుకోవడంలో రోడ్డు వార డాబాలు, మనకి తెలిసినవాళ్ళ ఇళ్ళు మాత్రమే చూడకండి, పేటల్లోకి, కాలవ గట్టు మీద ఇళ్ళల్లోకి, లంకలు ఉంటే పడవెక్కి అక్కడికీ వెళ్ళాలి. ఊళ్ళో 1000 ఇళ్ళుండి 100 చూడాలంటే ప్రతి పదో ఇల్లు. ఎక్కడ మొదలెట్టాలి అన్నదానికి మేము జేబులోంచి ఒక నోటు తీసి దాని నంబర్లో ఆఖరి అంకె చూస్తాం, 7 ఉంటే ఏడో ఇంటి నుంచి, సున్నా వస్తే పదో ఇంటి నుంచి. దాంతో మన ఇష్టాయిష్టాలకి చోటుండదు. తలుపు తాళం వేసుంటే పక్కింటికి మారిపోకండి, సాయంత్రం మళ్ళీ వెళ్ళండి, పగలు తాళం ఉండేది కూలికెళ్ళేవాళ్ళ ఇళ్ళే కాబట్టి వాళ్ళని వదిలేస్తే లెక్కంతా తప్పుతుంది.

ఇంట్లోకి వెళ్ళాక అడగడం ఎలా అన్నది చాలా ముఖ్యం. మన గోదావరి వాళ్ళు గుమ్మంలోకి వచ్చిన మనిషిని చిన్నబుచ్చరు, "డ్రై డే (అంటే వారానికో రోజు నీళ్ళ పాత్రలన్నీ ఖాళీ చేసి ఆరబెట్టడం) చేస్తున్నారాండీ" అంటే అందరూ చేస్తున్నామనే అంటారు. అందుకని "ఈ గాబు ఆఖరిసారి ఎప్పుడు తోమారు, ఎవరు తోమారు, దేంతో తోమారు" అని అడగండి. "మైకులో విన్నారా" అనకండి, "దోమల గురించి ఈమధ్య ఎక్కడైనా ఏమైనా విన్నారా, ఏం విన్నారు" అని వాళ్ళ నోటితోనే రానివ్వండి. ఆ తర్వాత "ఒకసారి చూడొచ్చాండీ" అని పర్మిషన్ తీసుకుని పెరట్లోకి నడవండి.

చూడాల్సినవి మనకి తెలిసినవే: సిమెంటు గాబు, కుడితి గోలెం, వాడని రోలు, కొబ్బరి చిప్పలు, తాగి పారేసిన బోండాలు, పాత టైరు, ఫ్రిజ్ వెనక ట్రే, పూల కుండీ కింద పళ్ళెం. డెంగ్యూ దోమ ఎక్కువగా నిలవున్న మంచి నీళ్ళ దగ్గరే గుడ్లు పెడుతుంది, మురిక్కాలవ చూసొచ్చేస్తే సరిపోదు. టార్చి వేసి నిమిషం ఆగండి. సన్నగా మెలికలు తిరుగుతూ నీడ పడగానే కిందకి దిగిపోయేవి లార్వాలు, అంటే గుడ్డులోంచి వచ్చిన దోమ పిల్లలు. కామా గుర్తులా వంకరగా తల పెద్దగా ఉండేవి ప్యూపాలు, అంటే లార్వా తర్వాతి దశ, ఇవి తిండి తినవు, రెండు మూడు రోజుల్లో దోమై ఎగిరిపోతాయి. ఈ రెండిటినీ విడివిడిగా రాసుకోండి, ఎందుకో చెప్తాను.

ఒక ఊళ్ళో ఒక మామ్మగారి ఇంటికి గురువారం పొద్దున్నే వెళ్ళేం. "ఆయ్, ప్రతి శుక్కురవారం పారబోస్తాం బాబూ, మైకులో చెప్పారు కదా" అన్నారు. ఆవిడ అబద్ధం చెప్పే మనిషి కాదు. గాబులో టార్చి వేస్తే ప్యూపాలు. గుడ్డు నుంచి దోమ అవడానికి ఈ వేడిలో వారం నుంచి పది రోజులు పడుతుంది, శుక్రవారం ఖాళీ చేస్తే గురువారానికి చిన్న లార్వాలు ఉండొచ్చు గానీ ఇన్ని ప్యూపాలు రాకూడదు కదా. "మామ్మగారూ ఎలా పారబోస్తారో ఒకసారి చూపిస్తారా" అంటే చెంబుతో తోడి పోయడం మొదలెట్టారు, అడుగున నాలుగు వేళ్ళ నీళ్ళు మిగిలిపోయాయి, చెంబు అందదు, గాబుకి కింద కన్నం లేదు, మళ్ళీ మీంచి కుళాయి తిప్పేశారు. గోడ తోమడం అన్న మాటే ఆవిడ వినలేదు. మా మైకులో ఉన్నది "నీళ్ళు పారబోయండి" ఒక్కటే. ఆ దోమ గుడ్లు నీటి అంచుకి కాస్త పైన గోడకి అతుక్కుని నెలల తరబడి ఎండినా చావవు, మళ్ళీ నీళ్ళు తగలగానే పిల్లలవుతాయి. అంటే ఆవిడ విన్నారు, చెప్పింది చెప్పినట్టు చేశారు, తప్పు మా మాటలో ఉంది. ఆ వారమే రికార్డింగ్ మార్చి "పారబోసి, అడుగు తుడిచి, కొబ్బరి పీచుతో అంచులు తోమి, ఎండబెట్టండి" అని పెట్టేం. రిపోర్టు కోసం ఆఖర్న ఒకసారి కొలిచి ఊరుకుని ఉంటే ఇది ఎప్పటికీ బయటపడేది కాదు, అందుకే ప్రచారం నడుస్తుండగానే పదిహేను రోజులకోసారి ఒక ఇరవై ఇళ్ళు చూడమంటున్నాను.

గురువారం అని ఎందుకన్నానంటే, శుక్రవారం డ్రై డే అయితే శనివారం ఏ గాబు చూసినా శుభ్రంగానే ఉంటుంది. ముందు కొలత గురువారం తీస్తే తర్వాత కొలత కూడా గురువారమే తీయాలి.

లెక్కలు సులువేనండి. లార్వా గానీ ప్యూపా గానీ దొరికిన ఇళ్ళని చూసిన ఇళ్ళతో భాగించి 100తో గుణిస్తే హౌస్ ఇండెక్స్. నూరిళ్ళకి లార్వా గానీ ప్యూపా గానీ ఉన్న గాబులూ చిప్పలూ అన్నీ కలిపి ఎన్ని దొరికాయి అన్నది బ్రెటో ఇండెక్స్. మలేరియా డిపార్ట్‌మెంటు వాళ్ళు కూడా ఈ భాషే మాట్లాడతారు కాబట్టి మన అంకెలు వాళ్ళకి వెంటనే అర్థమవుతాయి. వీటికి తోడు ప్యూపా ఉన్న ఇళ్ళ శాతం మేము వేరే రాస్తాం, గాబు సరిగ్గా తోమారా లేదా అన్నది దాంట్లోనే ఎక్కువ తెలుస్తుంది.

అంకె తగ్గగానే సంబరపడకండి. 100 ఇళ్ళు చూసి 20 శాతం వచ్చిందంటే అసలు సంగతి ఇంచుమించు 12 నుంచి 28 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు, కాబట్టి 20 నుంచి 16కి వచ్చిందంటే ఏం తేలనట్టే. 30 ఇళ్ళే చూస్తే ఇంకా అయోమయం.

ఇంకోటి సీజన్. ఎండాకాలం కాలవలు కట్టేస్తే జనం దొరికిన పాత్రల్లో నీళ్ళు నిలవ చేస్తారు, జూన్లో కాలవలకి నీళ్ళొదిలాక నిలవ తగ్గుతుంది, వానలు పడ్డాక చిప్పల్లో టైర్లలో నీళ్ళు చేరతాయి. మే నెలలో కొలిచి జులైలో మళ్ళీ కొలిచి తేడా అంతా మన ఘనతే అనుకుంటే పొరపాటు. దానికి మందు ఏంటంటే మన మైకు వెళ్ళని ఇంకో ఊరు, ఇంచుమించు మన ఊరిలాంటిదే, అదే వారంలో అదే పద్ధతిలో కొలవడం. మన ఊళ్ళో హౌస్ ఇండెక్స్ 34 నుంచి 14కి వచ్చింది, ఆ ఊళ్ళో 32 నుంచి 27కి వచ్చింది అనుకుందాం. మనది 20 తగ్గింది, వాళ్ళది ఊరికే 5 తగ్గింది, అంటే మన ప్రచారం వల్ల అని చెప్పుకోదగ్గది 15. కొలతలన్నీ అయ్యాక ఆ ఊరికి కూడా మైకు పట్టుకెళ్ళండి, కొలుచుకుని వదిలెయ్యడం న్యాయం కాదు.

డెంగ్యూ కేసుల లెక్కని మాత్రం ఫలితంగా చూపించకండి. ఒక్క ఊరికి కేసులు తక్కువే, రెండు పెరిగినా రెట్టింపు అయినట్టు కనిపిస్తుంది. పైగా ప్రచారం బాగా జరిగితే జ్వరం వచ్చినవాళ్ళు ఎక్కువమంది టెస్టుకి వెళ్తారు, కేసులు పెరిగినట్టే ఉంటుంది. ప్రైవేటు ల్యాబుల్లో ర్యాపిడ్ కిట్ మీద వచ్చిన పాజిటివ్‌కీ ప్రభుత్వం లెక్కేసే ఎలైజా అనే ల్యాబు పరీక్ష పాజిటివ్‌కీ కూడా తేడా ఉంటుంది.

అంకెలు చెప్పనివి కూర్చుని మాట్లాడితే తెలుస్తాయి. సముద్రం వైపు, రాజోలు కింద, సఖినేటిపల్లి అంతర్వేది అటు చాలాచోట్ల బోరు వేస్తే ఉప్పు నీళ్ళు, మంచినీళ్ళు బిందెలతో మోసుకోవాలి లేదా కొనుక్కోవాలి. అక్కడ డ్వాక్రా గ్రూపు ఆడవాళ్ళతో కూర్చుంటే ఒకావిడ "మోసుకొచ్చిన నీళ్ళు పారబోయమంటే ఎలా తమ్ముడూ" అంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. అక్కడ చెప్పాల్సింది పారబొయ్యడం కాదు, పాత చీర గుడ్డ మడతపెట్టి గాబు నోటికి బిగించి కట్టడం, ఉన్న నీళ్ళు గుడ్డలో వడగట్టి తోమిన బిందెలోకి మార్చడం. అలాగే మైకు ఆటో పదకొండింటికి వస్తే ఊడ్పుల రోజుల్లో ఆడవాళ్ళంతా చేలో ఉంటారు, వాట్సాప్‌లో పెడితే ఫోను మగాళ్ళ చేతిలో ఉంటుంది, గాబు తోమేది మాత్రం ఆడవాళ్ళు. "ఎక్కడ విన్నారు" అన్న ప్రశ్నకి జవాబుల్లో ఇది మనకే కనిపిస్తుంది, ఆశా కార్యకర్త చెప్పింది అన్నవాళ్ళు ఎక్కువుంటే మైకు డబ్బు తగ్గించి ఆశాతో పాటు ఇంకో మనిషిని తిప్పండి.

రాసుకోడానికి నోటు పుస్తకం చాలు, ఫోన్లో కావాలంటే కోబో టూల్‌బాక్స్ అనే సర్వే సాధనం ఉంది, సిగ్నల్ లేని లంకల్లో కూడా నింపుకుని తర్వాత పంపొచ్చు. మనుషుల మొహాలు ఫోటో తీయకండి, గాబు ఫోటో చాలు. ఫలానా ఇంట్లో పురుగులున్నాయని వాట్సాప్ గ్రూపులో అస్సలు పెట్టకండి, ఒక్కసారి అలా చేస్తే ఆ వీధిలో మీకు ఇంకెవరూ పెరడు చూపించరు. దొరికిన చోట అక్కడికక్కడే వాళ్ళతో కలిసి తోమేసి రండి, లెక్క రాశాకే సుమా.

ఫలితం వచ్చాక తగ్గింది, తగ్గనిది రెండూ పెద్ద కాగితం మీద గీసి పంచాయతీ ఆఫీసు గోడకి అంటించండి, గ్రామసభలో చదివి వినిపించండి, తగ్గని వీధివాళ్ళని పిలిచి ఎందుకని అడగండి. ఆ తర్వాత మైకు ఆపేసిన మూడు నెలలకి, పోల్చడానికి తీసుకున్న ఆ ఊరితో సహా, ఎవరికీ ముందు చెప్పకుండా, ఓ గురువారం పొద్దున్న అవే ఇళ్ళకి టార్చి పట్టుకుని మళ్ళీ వెళ్ళండి.