పెరడూ కోళ్లూ – 3వ పాఠం: పిడికిలి పరీక్ష

పోయిన పాఠంలో చెప్పిన గొయ్యి తవ్వారా? అడుగు లోతు, అడుగు వెడల్పు గొయ్యి తవ్వి, నిండా నీళ్లు పోసి, అవి ఇంకాక మళ్లీ నింపి, రెండోసారి ఎంతసేపు పట్టిందో రాసుకోమన్నాను. మాది అమలాపురం దగ్గర నల్ల బంకనేల. సాయంత్రం పోసిన నీళ్లు పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని వెళ్లి చూసేసరికి ఇంకా బెత్తెడు మిగిలే ఉన్నాయి. అందులో ఒక కప్ప కాపురం కూడా పెట్టేసింది. సముద్రం వైపు ఇసుక నేలలో ఉన్నవాళ్లకు ఆ గొయ్యి చూస్తుండగానే ఖాళీ అయి ఉంటుంది. అలాంటివాళ్లు ఈ పాఠంలో కోళ్ల సంగతి చదువుకుని, మడుల సంగతి దాటేయవచ్చు.

ఇప్పుడు రోహిణి కార్తె. కాలవలు కట్టేసి ఉన్నాయి. నేల నెర్రెలు విచ్చింది, గడ్డపార వేస్తే ఠంగుమంటోంది. ఇదంతా చూస్తే పెరటికి కావాల్సింది నీళ్లేనని ఎవరికైనా అనిపిస్తుంది. కొన్నాళ్లు ఆగండి. ధవళేశ్వరం దగ్గర కాలవలకు నీళ్లు వదులుతారు. చుట్టూ చేలు నిండుతాయి, నూతుల్లో నీళ్లు పైకొస్తాయి, పెరటి అడుగు నుంచి ఊట మొదలవుతుంది. ఆపైన ముసురు. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచీ మన డెల్టాలో వానాకాలం అంటే పైనుంచీ తడే, కిందనుంచీ తడే. మన పెరళ్లలో మొక్కలు ఎండి చచ్చేది తక్కువ, వేళ్లు కుళ్లి చచ్చేది ఎక్కువ. కోళ్ల కథా దాదాపు అంతే.

అందుకే ఈ పాఠంలో నేర్చుకునేది ఒక్కటే: చేత్తో తడిని కొలవడం. దానికి ఏ పరికరమూ అక్కర్లేదు, కుడి చెయ్యి చాలు. ఎడమచేతి వాటం వాళ్లకు ఎడమ చెయ్యి.

ఊక చేతిలోకి తీసుకుంటే

ముందు నా తప్పు చెప్పుకుంటాను. కోళ్లు మొదలుపెట్టిన తొలి ఏడాది పదిహేడు పిల్లలు ఉండేవి, నెల రోజుల వయసు. పుస్తకంలో రాసినట్టే కింద మూడు అంగుళాల మందాన ఊక పరిచాను. ఆషాఢంలో ముసురు పట్టి అయిదు రోజులు వదల్లేదు. పిల్లలకు చలి వేస్తుందని గోనెసంచులు చుట్టూ కట్టేశాను. ఊక పైకి చూస్తే పొడిగానే ఉంది. నాలుగో రోజు రెండు పిల్లలు రెక్కలు వేలాడేసి మూలన ముడుచుకున్నాయి. రెట్టలో రక్తం. వారం తిరిగేసరికి పదకొండు పోయాయి.

మా ఎదురింటి మామ్మగారు వచ్చి, ఏమీ మాట్లాడకుండా ఊకలోకి చెయ్యి పెట్టి అడుగు నుంచి ఒక గుప్పెడు తీసి, పిడికిలి బిగించి, తెరిచారు. ఊక కాస్తా గుండ్రంగా ముద్ద కట్టి ఆవిడ అరచేతిలో కూర్చుంది.

"ఏంటమ్మా ఇది, ఉండ్రాళ్లు చుట్టుకునేలా ఉంది!" అన్నారు.

ఆ ముద్దే ఈ పాఠం. కోడిపిల్లల రక్త పారుడుకు కారణం కాక్సీడియా అనే కంటికి కనబడని జీవి. రెట్టతో బయటికొచ్చిన దాని గుడ్లు వెంటనే రోగం అంటించలేవు. తడీ వెచ్చదనమూ దొరికితే ఒకటి రెండు రోజుల్లో అంటించే దశకు వస్తాయి. నేను గోనెసంచులు కట్టి ఆ రెండూ అమర్చిపెట్టాను. మూడు నుంచి ఆరు వారాల వయసు పిల్లల మీదే దీని దెబ్బ ఎక్కువ.

పరీక్ష ఇలా చేయండి. నీళ్ల గిన్నె పక్కనా, గోడ మూలనా, మధ్యనా మూడు చోట్ల పై ఊక పక్కకు తోసి, అడుగు నుంచి గుప్పెడు తీసుకోండి. గట్టిగా పిండి, చెయ్యి తెరవండి. వేళ్లు విప్పగానే జలజలా రాలిపోతే బాగా పొడిగా ఉన్నట్టు. మరీ దుమ్ములా రేగితే పిల్లలు తుమ్ముతాయి, కాస్త నీళ్లు చిలకరించవచ్చు, కాని మన దగ్గర ఆ అవసరం ఎండాకాలంలో తప్ప రాదు. చెయ్యి తెరిచాక ఒక క్షణం ముద్దలా నిలబడి, వేలితో తాకగానే విడిపోతే సరిగ్గా ఉన్నట్టు. తాకినా విడకపోతే అది ఉండ్రాయే. ఆ చోటంతా ఎత్తిపోసి, కొత్త ఊక వేయాలి. మిగతాది గుద్దలితో తిరగేసి, చల్లారిన పొడి సున్నం పలచగా చల్లాలి. రాయి సున్నం మాత్రం వద్దు, పిల్లల కాళ్లు కాలతాయి.

చెయ్యి అయ్యాక ముక్కు. పిల్లల గదిలో మోకాళ్ల మీద వంగి, వాటి తల ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తులో ఊపిరి పీల్చండి. నిలబడి చూస్తే తెలియని అమ్మోనియా ఘాటు అక్కడ తెలుస్తుంది. మన కళ్లు చురుక్కుమన్నాయంటే వాటి కళ్లు ఎప్పుడో మండుతున్నట్టే. అప్పుడు చేయాల్సింది సంచులు కట్టడం కాదు, విప్పడం. వాన జల్లు కొట్టే వైపు మాత్రం కింద రెండడుగులు మూసి, పైన గాలి ఆడనివ్వండి. చలికి బల్బు ఉంది కదా. మొదటి వారం బల్బు కింద 35 డిగ్రీలు, తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావచ్చు. పాడేరు, లంబసింగి వైపు చలికాలం రాత్రి పది డిగ్రీల లోపుకు పడిపోతుంది కాబట్టి అక్కడివాళ్లు అన్ని వైపులా మూసుకుని, ఎక్కువ వారాలు బల్బు పెడతారు. వాళ్ల పద్ధతి చదివి మనం ఇక్కడ శ్రావణంలో చేస్తే నా పదకొండు పిల్లల గతే.

రోగం వచ్చాక ఏం చేయాలంటే, రెట్టలో రక్తం కనబడిన రోజే పశువుల డాక్టరుగారి దగ్గరికి వెళ్లండి. నీళ్లలో కలిపే మందు ఇస్తారు. మర్నాటికి వాయిదా వేయవద్దు. దీనికీ కొక్కెర తెగులుకూ (రాణీఖేత్ అంటారే, అది) సంబంధం లేదు. దాని టీకాల గురించి రెండో పాఠంలోనే చెప్పాను, వారం లోపు పిల్లకు కంట్లో లసోటా చుక్క, ఎనిమిది వారాలకు ఇంజెక్షన్. ముసురుకు ముందే పూర్తి చేసుకోండి.

పెద్ద కోళ్లకు ఇంత టెన్షన్ లేదు. రాత్రి గూడు నేల నుంచి రెండున్నర అడుగుల ఎత్తున, కింద సందులు వదిలి వెదురు బద్దలు కొట్టి ఉంటే రెట్ట కిందకి రాలిపోతుంది, కాళ్లు పొడిగా ఉంటాయి. చుట్టూ అరంగుళం కన్నాల వల ఉంటే ముంగిస దూరదు. పిల్లల్ని మాత్రం బద్దల మీద వదలవద్దు, కాళ్లు సందుల్లో ఇరుక్కుంటాయి. వాటికి అడుగు ఎత్తు అరుగు కట్టి దాని మీద ఊక పరవండి. ఇక పందెం పుంజులకు బాదంపప్పులు పెట్టి పెంచేవాళ్లకు ఈ పాఠంతో పని లేదు. ఆ పుంజులు మనకంటే మంచి గదుల్లో ఉంటాయి.

మేత కూడా పిండి చూడండి. నూకలూ తవుడూ మూత గట్టిగా పట్టే డబ్బాలో ఉండాలి. తవుడు గుప్పెట్లో పిండితే కొద్దిగా ముద్ద కట్టడం మామూలే, దానికి కంగారు పడవద్దు. ముక్కిపోయిన వాసన వస్తే మాత్రం పారేయండి. బూజు పట్టిన మేత కోడి కాలేయాన్ని తినేస్తుంది. తడిపి పెట్టే తవుడు అరగంటలో తినేసేంతే కలపండి.

అదే పిడికిలి, మట్టితో

తొలకరి వాన పడగానే పార పట్టుకుని పరిగెత్తవద్దు. బంకనేలను తడి మీద తవ్వితే గడ్డలు గడ్డలుగా లేచి, ఎండాక ఇటుకలవుతాయి. ఆ ఏడాదంతా ఆ ఇటుకల మధ్యే బెండ వేళ్లు దారి వెతుక్కోవాలి. వాన వెలిసిన రెండో రోజో మూడో రోజో బెత్తెడు లోతు నుంచి మట్టి తీసి పిడికిలి బిగించండి. బంకమట్టి ఎలాగూ ముద్ద కడుతుంది. ఆ ముద్దను బొటనవేలితో నొక్కండి. మైనంలా సాగి వేలిముద్ర పడితే ఇంకా ఆగాలి. పగుళ్లిచ్చి పొడిపొడిగా విరిగితే అదే అదును. మన దగ్గర ఈ అదును తొలకరికీ ముసురుకూ మధ్య ఒకటి రెండు రోజులే ఉంటుంది. ఆ రోజు పెళ్లి పిలుపు వచ్చినా ఇంట్లో ఇంకొకరిని పంపించండి.

అదును చిక్కగానే చేసే పని, నేలను ఎత్తడం. మడి నాలుగడుగుల వెడల్పుంటే రెండు వైపుల నుంచీ చెయ్యి అందుతుంది, లోపలికి కాలు పెట్టక్కర్లేదు. మడికీ మడికీ మధ్య అడుగున్నర కాలవ తవ్వి, ఆ మట్టినే పైకి వేస్తే అడుగు ఎత్తు సులువుగా వస్తుంది. బంకనేల గుల్లబారుతుందని ఇసుక కలపమని చెప్పేవాళ్లుంటారు. వినవద్దు. కొద్ది ఇసుక కలిపిన బంకమట్టి ఇంకా గట్టిపడుతుంది. బాగా మాగిన పశువుల పెంట, ఎండుటాకులు, పాత ఊక, ఇవే దాన్ని విడదీసేవి.

మడి అడుగున కొబ్బరి డొక్కలు పరవండి. కోనసీమలో డొక్కలకు కరువా! మా చెల్లెలు కాపురం అనంతపురంలో. అక్కడ ఏడాది మొత్తానికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు, మనకు దానికి రెట్టింపు. ఇక్కణ్ణుంచి ఒక బస్తా డొక్కలు పట్టుకెళ్లి తన పెరట్లో పాతింది. అక్కడ మడి నేల కంటే జానెడు లోతుగా ఉంటుంది, వాన చుక్క బయటికి పోకుండా. డొక్క వెల్లకిలా పెడుతుంది, గిన్నెలా నీళ్లు పట్టి ఉంచుతుందని. నేను మడి ఎత్తుగా కట్టి, అదే డొక్క బోర్లా పెడతాను, నీళ్లు జారిపోవాలని. మొదటిసారి తను ఫోనులో ఫోటో పంపితే "తిరగేసి పెట్టావేంటే" అన్నాను. తను కూడా నా ఫోటో చూసి అదే మాట అంది.

మడి నెత్తిమీద గోంగూర, తోటకూర, బెండ, వంగ. కాలవలో నీళ్లు నిలిచేచోట చేమ వేయండి, దానికి పండగే. కందను మాత్రం కాలవలో పెట్టవద్దు. చేమకు చుట్టమే కదా అని నేను పెట్టాను, దసరాకు తవ్వితే కుళ్లిన వాసన తప్ప ఏమీ రాలేదు. చిక్కుడు గింజ ఆషాఢంలో పందిరి మొదట్లో పెట్టేయవచ్చు, పగలు కురచయ్యేదాకా ఎలాగూ పూత పట్టదు. టమాటా తొందర వద్దు, కార్తీకంలో చూద్దాం. ఆనబ తీగను కోళ్ల గూటి కప్పు మీదికి పాకించడం ఎండాకాలంలో బాగుంటుంది. వానల్లో అది పక్కల వలమీదికి దిగి గాలిని మూసేస్తుంది, కాబట్టి వల మీదికి వచ్చిన కొసలు తుంచి కూర వండుకోండి.

మొలకలు రాగానే కోళ్లు వచ్చి గీకడం మొదలుపెడతాయి. కోళ్లను మూసిపెట్టడం కంటే మొక్కల్ని మూయడం తేలిక. మా ఇంట్లో కోడిపిల్లల మీద బోర్లించే గంపలు ఇప్పుడు వంగ మొక్కల మీద బోర్లించి ఉంటాయి. పెట్టలు చుట్టూ తిరిగి, లోపల ఏదో దాచారని సందుల్లోంచి తొంగి చూసి పోతుంటాయి.

గూటి కింద పేరుకున్న రెట్టా ఊకా వానలకు ముందే ఎత్తేయాలి. పచ్చి కోడి పెంట మొక్క మొదట్లో వేస్తే వేరు మాడిపోతుంది. ఎండుటాకులు కలిపి ఒక మూల పోగు పెట్టి, తాటాకులు కప్పండి. కప్పకపోతే సారమంతా వానకు కాలవలోకి పోతుంది. రెండు వారాలకొకసారి తిరగేయండి. ఈ పోగు తడి ఎంతుందో కూడా పిడికిలితోనే చూడాలి, కాని ఇక్కడ లెక్క వేరు. పిండితే వేళ్ల సందుల్లో ఒకటి రెండు చుక్కలు మెరవాలి. ధారగా కారితే ఎండుటాకులు ఇంకా కలపండి, అసలు తడి తగలకపోతే చెంబెడు నీళ్లు పోయండి. మూడు నెలలకు మట్టి వాసన వస్తుంది. సరిగ్గా టమాటా నారు సమయానికి.

ఈసారి ఇంటి పని

వచ్చే వారం రోజులు పొద్దున్నే మూడు గుప్పెళ్లు పిండండి: పిల్లల గది ఊక, పెరటి మట్టి, పెంట పోగు. ప్రతిదానికీ క్యాలెండరు మీద ఒక్క మాట రాయండి, రాలింది, విరిగింది, ఉండ్రాయి, అంతే. ఒక వాన పడ్డాక మర్నాడూ మూడో రోజూ తప్పకుండా రాయండి. ఊకకు రాసింది ఉండ్రాయి అయి, పైకప్పు కారడం లేదని మీకు గట్టి నమ్మకం ఉంటే, నీళ్ల గిన్నె చూడండి. నూటికి తొంభై సార్లు తడి అక్కణ్ణుంచే. పిల్లలు గిన్నె అంచు మీదెక్కి ఒలకబోస్తాయి. గిన్నె అంచు పిల్ల వీపుతో సమంగా ఉండేలా కింద రెండు ఇటుకలు పెట్టి, వారానికొకసారి ఎత్తు సరిచూడండి.

నాలుగో పాఠం పైకప్పు మీద. తాటాకా, రేకా, చూరు ఎంత బయటికి దింపాలి అన్నది. అప్పటికి మీ దగ్గర ఏడు రోజుల రాతలు ఉండాలి, వాటితోనే మొదలుపెడతాను.