మీ పిన్‌కోడ్ జాతకం చూడటం ఎలా?

కవరు మీద రాసి వదిలేసే ఆరంకెల సంఖ్యకు కూడా ఒక జాతకం ఉంటుంది. కాగితం, పెన్ను చాలు. కాలిక్యులేటర్ ఉంటే చెయ్యి నొప్పి పుట్టదు. మన దేశంలో పిన్‌కోడ్ పద్ధతి 1972 ఆగస్టు 15న మొదలైంది. శ్రీకాకుళం 532001, విజయనగరం 535002 పక్కపక్కన రాసుకోండి.

1. ముందు సులువైనవి. 535002 సరిసంఖ్య. అంకెలు కూడితే 15, కాబట్టి మూడో ఎక్కంలోనూ పోతుంది. 2తో, 3తో భాగిస్తే 89167 వస్తుంది. 532001 బేసి, అంకెల మొత్తం 11, చివర 0 గానీ 5 గానీ లేదు. అంటే 2, 3, 5 మూడూ పనిచేయవు.

2. ఇప్పుడు 7, 11, 13 ఒకేసారి. ఈ మూడింటి లబ్ధం 1001. అందుకే సంఖ్యను మూడేసి అంకెలుగా విడగొట్టి తేడా చూస్తే సరిపోతుంది. 535 లోంచి 2 తీస్తే 533, అది 13×41. కాబట్టి 535002లో 13 ఉంది. 89167ను 13తో భాగిస్తే 6859. దాన్ని చూసి టెన్షన్ పడక్కర్లేదు, అది 19×19×19. మొత్తం కలిపి 2×3×13×19×19×19. దీనికి 32 కారణాంకాలు. తనను వదిలేసి మిగతావన్నీ కూడితే 681318, తనకంటే ఎక్కువే!

శ్రీకాకుళం దగ్గరకొస్తే 532 లోంచి 1 తీస్తే 531. అది 7, 11, 13 దేనిలోనూ పోదు. ఏడు రోడ్ల జంక్షన్ ఉన్న ఊరికి ఏడుతోనే పొసగలేదు, 532001ను 7తో భాగిస్తే ఒకటి శేషం.

3. ఎక్కడ ఆపాలి? వర్గమూలం దగ్గర. 729×729=531441, 730×730=532900. కాబట్టి 729 లోపున్న ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తే చాలు. అవి 129 ఉన్నాయి. విసుగు పుట్టే పనే, అడ్డదారి చెప్పను. చివరిదైన 727 దాకా వెళ్లినా ప్రతిసారీ శేషం మిగులుతుంది. 532001 ప్రధాన సంఖ్య.

4. నాకు అన్నిటికంటే ఇష్టమైన మెట్టు ఇది. 4తో భాగిస్తే 1 మిగిలే ప్రధాన సంఖ్య ఏదైనా రెండు వర్గాల మొత్తమవుతుంది, అదీ ఒకే ఒక్క విధంగా. గణితవేత్త ఫెర్మా 1640లో ఈ మాట ఉత్తరంలో రాస్తే, తర్వాతి శతాబ్దంలో మరో గణితవేత్త ఆయిలర్ నిరూపించాడు. 532001లో చివరి రెండంకెలు 01, కాబట్టి శేషం 1. ఒక్కో వర్గం తీసేస్తూ, మిగిలింది వర్గమో కాదో చూస్తూ పోవాలి. దొరికే జంట 625, 376.

390625 + 141376 = 532001

ఆ వర్గాల చివరి మూడంకెలు మళ్లీ చూడండి. 625 వర్గం 625తోనే ముగుస్తుంది, 376 వర్గం 376తోనే. మూడంకెల సంఖ్యల్లో ఈ గుణం ఈ రెండింటికే ఉంది. రెండూ కూడితే 1001, ఇందాక రెండో మెట్టులో వాడిన సంఖ్యే. తపాలా వాళ్లు ఇదంతా చూసి పెట్టారని నేననను గానీ, మొదటిసారి లెక్క తేలినప్పుడు కాసేపు పెన్ను కింద పెట్టేశాను.

రాజాం వాళ్లకు ఒక మాట. 2022లో మీరు విజయనగరం జిల్లాలోకి వచ్చారు, పిన్ మాత్రం 532127గానే ఉంది. చివరి 27ను 4తో భాగిస్తే 3 మిగులుతుంది. అలాంటి సంఖ్య రెండు వర్గాల మొత్తం ఎప్పటికీ కాదు. నాలుగో మెట్టు మీరు ఎక్కనక్కర్లేదు.