బానెట్ కింద రంగు బోల్టులా? వానా, ఉప్పుగాలీ చూసుకుని కొనండి

బరంపురం, ఇచ్ఛాపురం, పర్లాకిమిడి వైపు సెప్టెంబరు మధ్యలో విశ్వకర్మ పూజతో బండ్ల సింగారం మొదలవుతుంది, దసరా వాహన పూజ దాకా నడుస్తుంది. ఈమధ్య ఆ సరదా బానెట్ లోపలికీ వెళ్లింది. నీలం, ఎరుపు, బంగారు రంగు అల్యూమినియం బోల్టులు, ఊదా మెరుపు టైటానియం బోల్టులు ఆన్‌లైన్‌లో సెట్లుగా దొరుకుతున్నాయి. వేసుకోవద్దని చెప్పను. కాకపోతే మన తీరానికి తుఫానుల కాలం కూడా ఇదే. 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర, 2018లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది అక్టోబరులోనే. పూజకి మెరిసిన బోల్టు సంక్రాంతికి ఊడి రాకపోతే తలనొప్పి మెకానిక్‌కి, ఖర్చు మీకు.

ముందు మీ ఇంజిన్ పైన ఉన్న నల్ల ప్లాస్టిక్ కవర్‌ని చూడండి. చాలా కార్లలో దానికి బోల్టులే ఉండవు, రబ్బరు బుష్షుల మీద నొక్కి కూర్చోబెడతారు. అలాంటిదానికి సెట్ కొనడం డబ్బు దండగ. పది నంబర్ పానా పట్టే చిన్న బోల్టులుంటే అవి సాధారణంగా ఎమ్6 సైజు, అంటే 6 మి.మీ. లావు, ఒక మర నుంచి పక్క మరకి దూరం 1 మి.మీ. ఫెండర్ అంచున కనిపించేవీ చాలావరకు ఇవే. రంగులు వేయాలంటే ఈ రెండు చోట్లే వేయండి.

టాపెట్ కవర్, అంటే ఇంజిన్ పైన వాల్వుల్ని మూసే మూత, దాని బోల్టుల జోలికి మాత్రం వెళ్లొద్దు. చూడ్డానికి అవీ ఎమ్6లాగే ఉంటాయి. కానీ చాలా ఇంజిన్లలో వాటి మెడ దగ్గర ఒక మెట్టు ఉంటుంది, ఆయిల్ కారకుండా మధ్యలో ఉండే గాస్కెట్‌ని ఎంతవరకు నొక్కాలో ఆ మెట్టే ఆపుతుంది. అది లేని అందాల బోల్టు బిగిస్తే గాస్కెట్ నలుగుతుంది, లేదా కవరే పగులుతుంది. కారిన ఆయిల్ వేడి ఎగ్జాస్ట్ మీద పడితే పొగ, ఒక్కోసారి మంట. టైమింగ్ కవర్, ఇంజిన్ మౌంట్లు, పెట్రోలు పైపుల బిగింపులు, బానెట్ కీళ్లు, తాళం కూడా కంపెనీ బోల్టులతోనే ఉండనివ్వండి.

ఇక ఏ లోహం అన్నది. అల్యూమినియం బోల్టుకి రంగు బాగా పడుతుంది కానీ మెత్తన. అలెన్ కీ కొంచెం వంకరగా పెట్టినా తల గుంట గుండ్రంగా అరిగిపోతుంది. ఇంజిన్ వేడికి, ఎండకి రంగు కూడా వెలుస్తుంది. స్టెయిన్‌లెస్ తుప్పు పట్టదు కదా అనుకుంటాం. అయితే అది దిగేది అల్యూమినియం మరలోకి అయితే, ఉప్పు తడి తగలగానే రెండు లోహాల మధ్య రసాయన చర్య మొదలై అల్యూమినియాన్ని తింటుంది. బోల్టు నిగనిగలాడుతూనే ఉంటుంది, చుట్టూ తెల్లటి పొడి వచ్చి మర పట్టేస్తుంది. టైటానియంతోనూ ఇదే గొడవ, పైగా అది మరలో రాసుకుని అతుక్కుపోయే రకం.

గోపాల్‌పూర్, సోంపేట, బారువ లాంటి సముద్రపు ఊళ్లలో ఉంటే తలమీద ఏ4 అని ఉన్న 316 స్టెయిన్‌లెస్ అడగండి. ఉప్పుని తట్టుకోవడానికి అందులో మాలిబ్డినం కలుపుతారు. పర్లాకిమిడి, రాయగడ లాంటి లోపలి ఊళ్లకి ఏ2, అంటే 304 సరిపోతుంది. ఏది వేసినా మరలు పట్టేయకుండా ఆపే యాంటీ సీజ్ పేస్టు పల్చగా రాయాల్సిందే. టైటానియం పేరుతో రంగేసిన ఇనుము అంటగడుతున్నారేమో అని అనుమానమొస్తే అయస్కాంతం పెట్టండి, అతుక్కుంటే అది టైటానియం కాదు. నన్నడిగితే సాదా స్టెయిన్‌లెస్సే అందం, ఏడు రంగులూ కలిపితే బానెట్ కింద జాతర పెట్టినట్టుంటుంది.

పొడవు దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. బోల్టు తల కింద వేసే రంగు గిన్నె వాషర్ మూడు నాలుగు మి.మీ. మందం ఉంటే, పాత బోల్టు లోపలికి దిగేది అంత తగ్గిపోతుంది. అల్యూమినియంలో ఎమ్6 బోల్టు కనీసం 9 మి.మీ. దిగాలి. మరీ పొడవైతే గుంత అడుగుకి తగిలి ఆగుతుంది, చేతికి బిగిసినట్టే ఉంటుంది, కవర్ మాత్రం ఊగుతుంది. పాత బోల్టుని వెర్నియర్‌తో కొలిచి, వాషర్ మందం కలిపి కొనండి.

బిగించేది ఇంజిన్ చల్లారాకే. మొదటి రెండు మూడు చుట్లు వేళ్లతో తిరగాలి, తిరగకపోతే మర తప్పు ఎక్కుతున్నట్టే, ఆపి వెనక్కి తీయండి. ఎంత బిగించాలో మాన్యువల్‌లో ఉంటుంది. మామూలు ఉక్కు ఎమ్6కి ఎక్కువగా 8 నుంచి 10 న్యూటన్ మీటర్లు రాస్తారు. పేస్టు రాసినప్పుడు అందులో పావు వంతు తగ్గించండి, అల్యూమినియం బోల్టయితే ఇంకా తక్కువ. ప్లాస్టిక్ కవర్‌కి పొడవాటి రాచెట్ వద్దు, చిన్న టీ హ్యాండిల్ చాలు.

వారం తిరిగాక ఒకసారి బిగువు చూడండి. తుఫాను గాలి వెళ్లాక మంచినీళ్లలో తడిపి పిండిన గుడ్డతో తుడిచి ఆరబెట్టండి, ప్రెషర్ వాటర్ కొట్టించొద్దు. పాత బోల్టులు ఒక కవర్లో వేసి డిక్కీలో ఉంచుకోండి, సర్వీసింగ్‌కి ఇచ్చే ముందు మార్చుకోవచ్చు. ఏదైనా బోల్టు పట్టేస్తే బలం చూపించకుండా తుప్పు వదిలించే నూనె కొట్టి రాత్రంతా వదిలేయండి. మర తెగిపోయే ఉంటే లేత్ షాపులో హెలికాయిల్, అంటే పాడైన మర చోట వేసే తీగ చుట్ట, వేయించుకోవచ్చు, దానికోసం ఇంజిన్ హెడ్డే మార్చాలని ఎవరైనా అంటే ఇంకో చోట అడగండి.